నాలుగో కంప్యూటర్ వెనకాల

జగ్గయ్యపేట బస్టాండుకి దగ్గర్లో, ఒక చెప్పుల షాపు పైన మొదటి అంతస్తులో ఉండేది మా కంప్యూటర్ సెంటరు. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక స్కానర్, గుమ్మం పక్కన గాజు గదిలో ఓనరు కుర్చీ. ఓనర్ని ఊరంతా సార్ అనేది, నేనూ సార్ అనేదాన్ని. నేర్చుకునేవాళ్ళకి పాఠాలు చెప్పడం, మధ్యలో ఎవరైనా వస్తే అప్లికేషన్లు నింపిపెట్టడం, ఫోటోలు స్కాన్ చేయడం, హాల్‌టికెట్లు ప్రింటు తీసివ్వడం, అన్నీ నా పనులే. పొద్దున్నే నందిగామలో పల్లెవెలుగు ఎక్కి పేటలో దిగేదాన్ని, సాయంత్రం అదే దారిన వెనక్కి. అలా మూడేళ్ళు చేశా.

కంప్యూటర్ అంటే భయపడేవాళ్ళకి మొదటిరోజు దాన్ని ఆన్ చేసి చూపించేదాన్ని కాదు. కరెంటు తీసేసి వస్తువులు ఒక్కొక్కటీ చేతికిచ్చేదాన్ని. "ఇది మానిటర్. అందరూ దీన్నే కంప్యూటర్ అనుకుంటారు, కాదు. ఇది చూపించడానికే. దీన్ని పీకి పక్కన పెట్టినా లోపల పని ఆగదు. పని చేసేది టేబులు కిందున్న ఈ పెట్టె. సీపీయూ అంటాం. కీబోర్డు, మౌసు, స్కానర్, మైకు, పైనున్న ఈ చిన్న కెమెరా, ఇవన్నీ మన దగ్గర్నుంచి తీసుకుని పెట్టెలోకి పంపుతాయి. మానిటర్, ప్రింటర్, స్పీకర్లు లోపలున్నది మనకిస్తాయి. పెన్‌డ్రైవ్ తీసుకుంటుంది, ఇస్తుంది కూడా. యూపీఎస్‌కి ఈ గొడవ లేదు, కరెంటు పోతే పది నిమిషాలు నడిపిస్తుంది, అంతే" అని చెప్పేదాన్ని. వాళ్ళు మౌసు తిరగేసి కింద వెలిగే ఎర్ర లైటు ఎక్కడుందా అని వెతికేవాళ్ళు. ప్రింటర్ మూత తీసి లోపల మసి అంటించుకునేవాళ్ళు. అంటనివ్వమనేదాన్ని.

పాఠం ముగించేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పేదాన్ని. "ఇందులో మీకు తెలియకుండా జరిగేదేమీ ఉండదు. మీరు నొక్కితేనే పడుద్ది. నొక్కకపోతే పడదు."

ధైర్యం కోసం చెప్పేదాన్ని. ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. ఇప్పుడైతే ఆ మాట ఎవరికీ చెప్పను.

సార్ నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. శనివారాలు వేదాద్రి వెళ్ళొచ్చి, కంప్యూటర్ల ముందు కూర్చున్న ప్రతివాళ్ళ చేతిలోనూ స్వయంగా ప్రసాదం పెట్టేవారు. ఆయనకి చాలా విషయాలు తెలిసేవి. ఎవరబ్బాయి ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడో, ఎవరమ్మాయి ఏ పరీక్ష మళ్ళీ రాస్తోందో, ఎవరింట్లో సంబంధం ఎందుకు ఆగిపోయిందో. "సార్‌కి మనిషిని చూస్తే తెలిసిపోద్ది" అని చెప్పుల షాపాయన అనేవాడు. పదిమంది వచ్చిపోయే చోటు కదా, ఆ మాటా ఈ మాటా చెవిన పడుతుందిలే అనుకున్నా. అంతకుమించి ఆలోచించలేదు. ఒక్కటి మాత్రం నాకు ఇబ్బందిగా ఉండేది. ఎవరు ఏ కంప్యూటర్ దగ్గర కూర్చోవాలో ఆయనే చెప్పేవారు. పాఠాలు నేర్చుకునేవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టినా పట్టించుకునేవారు కాదు. బయటినుంచి అప్లికేషన్ పనిమీద వచ్చినవాళ్ళని మాత్రం గాజు గదిలోంచే చూసి, "నాలుగులో కూర్చోబెట్టమ్మా" అనేవారు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో, వత్సవాయి వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పొలం పనికి పోయే మనిషి. కూతురు సన్నగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అడిగితేనే మాట్లాడేది. మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ తర్వాత అన్నది నోట్‌బుక్కు కాగితం మీద రాసుకొచ్చింది. వాటికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయాలి.

"నాలుగులో కూర్చోబెట్టమ్మా" అన్నారు సార్.

పక్కన కుర్చీ వేసుకుని నేనే దగ్గరుండి చేయించా. లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఆ అమ్మాయే కొట్టింది. ఆ రోజుల్లో ఆ రెండూ ఉంటే చాలు, ఫోనుకి ఏ నంబరూ వచ్చేది కాదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మర్యాదకి నేను మొహం పక్కకి తిప్పుకున్నా. విజయవాడలో ఒక కాలేజీ ఆ అమ్మాయి మొదటి కోరిక. రోజూ ఇంటినుంచి వెళ్ళిరావచ్చని. మొత్తం పన్నెండు నంబర్లు వేసింది. సేవ్ చేశాం. ప్రింటు తీసుకుంటావా అంటే, "వద్దులెండి మేడమ్, కాగితంలో ఉన్నట్టే వేశాగా" అంది.

సీట్లు ప్రకటించిన రోజు మళ్ళీ వచ్చారు. తల్లి మెట్లు ఎక్కుతూనే ఏడుస్తోంది. అమ్మాయికి ఎక్కడో దూరంగా, నేనెప్పుడూ పేరు వినని కాలేజీలో సీటొచ్చింది. కంప్యూటర్ తెరిచి చూస్తే మొదటి నంబరు దానికే వేసుంది. విజయవాడ కాలేజీకి అసలు నంబరే లేదు.

"నేను వేయలేదు మేడమ్" అంది ఆ అమ్మాయి.

"మరి ఎవరేస్తారమ్మా? నీ పాస్‌వర్డ్ నీకే కదా తెలుసు? నువ్వే ఎక్కడో పొరపాటున నొక్కుంటావు."

"నేను నొక్కలేదు మేడమ్. మీరు పక్కనే ఉన్నారుగా."

పక్కనే ఉన్నా. చూస్తూనే ఉన్నా. అయినా ఆ మాటే అన్నా. ఎందుకంటే నా లెక్క ప్రకారం కంప్యూటర్ దానంతటది నొక్కుకోదు. నేనేమన్నా తప్పు చేయించానేమో అన్న భయం కూడా ఉంది, దాన్ని ఆ అమ్మాయి మీదికి నెట్టేశా. తల్లి అక్కడే అందరి ముందూ కూతురి వీపు మీద కొట్టింది. "చదువుకున్నావు, నంబర్లేయడం రాదటే నీకు?" అని. ఆ అమ్మాయి ఏడవలేదు. తన వేళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది, అవి తనవి కానట్టు. సార్ గదిలోంచి బయటికొచ్చి, "ఏంచేస్తామమ్మా, దైవ నిర్ణయం. ఆ కాలేజీ కూడా మంచిదే. చేర్చండి, నేను మాట్లాడతా" అన్నారు.

దూరపు కాలేజీల తరఫున, పిల్లల్ని చేర్పించినవాళ్ళకి కమీషనిచ్చే ఒకతను సార్ గదికి వస్తూపోతూ ఉండేవాడు. ఆ సంగతి నాకప్పుడు గుర్తుకు రాకపోవడం వింతే.

వానలు వెనక్కిపట్టాక కొత్త బ్యాచ్ మొదలైంది. అందులో ఒకాయన యాభై దాటిన మనిషి, పాతికేళ్ళు లారీ నడిపిన ముస్లిం పెద్దాయన. కుడి మోకాలు దెబ్బతిని స్టీరింగ్ వదిలేశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పని ఇస్తామన్నారు, కాకపోతే కంప్యూటర్ తెలియాలన్నారు. అందుకే వచ్చాడు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను మేడమ్ అనేవాడు, మధ్యమధ్యలో మర్చిపోయి అమ్మా అనేవాడు. శుక్రవారం నమాజుకి ముందే లేచి వెళ్ళిపోయేవాడు, మిగతా రోజుల్లో అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. కంప్యూటర్‌ని ఆయన బండి అనేవాడు.

మొదటి పాఠం అయ్యాక ఆయనొక ప్రశ్న వేశాడు. "లోపలికి తీసుకునేవి చెప్పారు, బయటికిచ్చేవి చెప్పారు. తీసుకుని ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే దాచుకునేవి ఉంటాయా మేడమ్?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వా. "అలాంటివి ఉండవు బాబాయిగారూ" అన్నా.

గాజు గదిలో సార్ తల ఎత్తి చూశారు. ఆయన నవ్వలేదు.

అదే నెలలో నందిగామలో ఒక స్కూల్లో కంప్యూటర్ టీచర్ పోస్టు ఖాళీగా ఉందని తెలిసింది. ఇంటికి నడిచి వెళ్ళే దూరం. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ సెంటర్లో ఎవరూ లేనప్పుడు నాలుగో కంప్యూటర్ ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చుని రాజీనామా ఉత్తరం మొదలుపెట్టా. నందిగామలో స్కూలు ఉద్యోగం వచ్చే వీలుందనీ, వచ్చే నెల నుంచి రాలేననీ నాలుగు వరుసలు కొట్టా. సార్ మొహం గుర్తొచ్చింది. అక్షరం అక్షరం వెనక్కి చెరిపేశా. సేవ్ చేయలేదు. ప్రింటు తీయలేదు. ఖాళీ పేజీ మూసేసి లేచా.

సోమవారం పొద్దున నేను మెట్లెక్కి వచ్చేసరికి సార్ గుమ్మంలో నిలబడున్నారు.

"రామ్మా. బస్సులో కూర్చోను చోటు దొరికిందా?"

"దొరికింది సార్."

"రోజూ ఇంతదూరం కష్టమే. అయినా స్కూలు ఉద్యోగాలేం బాగుంటాయమ్మా? సెలవురోజు కూడా పిలుస్తారు. నందిగామలో ఉన్నంత మాత్రాన సుఖమని ఏముంది?"

అని గదిలోకి వెళ్ళిపోయారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఆ కంప్యూటర్‌కే, అదీ చెరిపేశా. బహుశా స్కూలువాళ్ళే ఎవరికైనా చెప్పుంటారు, ఆ నోటా ఈ నోటా పడి ఆయనదాకా వచ్చుంటుంది అని సర్దిచెప్పుకున్నా. ఆ రోజు నుంచి మాత్రం ఆ గదిలో ఏం చేస్తున్నా వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టే ఉండేది. మానిటర్ల మీదున్న కెమెరాలన్నిటికీ స్టిక్కర్లు అంటించా. గోడ మీదున్న సీసీ కెమెరా వైపు చూడకుండా నడిచేదాన్ని. నేను భయపడాల్సింది వాటికి కాదని అప్పుడు తెలియదు.

తర్వాత వారం వైర్ల పాఠం. పెట్టె వెనక ఏ తీగ ఎక్కడ గుచ్చాలో చెప్పడం. గుండ్రంగా ఉండేవి స్పీకర్లవి, నలుచదరంగా పలచగా ఉండేవి కీబోర్డు, మౌసు, ప్రింటరు, పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ రంధ్రాలు, వెడల్పుగా ఉండేది మానిటర్ది అని నేను ఒక పెట్టె టేబులు మీదికెత్తి చూపిస్తున్నా. బాబాయిగారికి ఎత్తి చూపించింది చాలదు. బండి కిందికి దూరి చూసిన అలవాటు. మోకాలు చాపుకుని నేల మీద కూర్చుని, ఫోను లైటు వేసి ఒకటో నంబరు నుంచి వరసగా పెట్టెల వెనక చూసుకుంటూ పోతున్నాడు.

"మేడమ్, ఈ నాలుగో బండికి ఇక్కడో ముక్క ఎక్కువుంది."

"ఏ ముక్క?"

"మిగతావాటికి కీబోర్డు తీగ సూటిగా పెట్టెలోకి పోతోంది. దీనికి మధ్యలో నల్లముక్క ఒకటుంది. బొటనవేలంత. తీగ దీంట్లోకి, ఇది పెట్టెలోకి."

వంగి చూశా. ఉంది. దాని మీద పేరు లేదు, గుర్తు లేదు, లైటు లేదు. మూడేళ్ళుగా ఆ టేబుల్ని తుడుస్తున్నా, ఒక్కసారి కూడా వెనకవైపు చూడలేదు. పదిమంది ముందూ తెలియదని చెప్పలేక, "ఏదో అడాప్టర్ అయ్యుంటుంది" అన్నా.

"అడాప్టరైతే మిగతా ఏడింటికీ అక్కర్లేదా?"

ఇంతలో గాజు తలుపు తీసిన చప్పుడైంది. సార్ మా వైపే వస్తున్నారు. నడక ఎప్పటిలా నెమ్మదిగా లేదు.

"ఏంటమ్మా, కిందికి దూరి వెతుకుతున్నారు?"

నేను నోరు తెరిచేలోపే బాబాయిగారు టేబులు పట్టుకుని మూలుగుతూ లేచాడు. "మోకాలు పట్టేసింది సార్. కిందపడ్డ పెన్ను తీసుకుంటున్నా."

సార్ ఆయన వంక, తర్వాత నా వంక చూశారు. "వైర్లు ముట్టుకోనివ్వకమ్మా. షాక్ కొడుతుంది."

కీబోర్డు తీగ షాక్ కొట్టదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం బస్టాండులో నందిగామ బస్సు కోసం నిలబడితే బాబాయిగారు కుంటుకుంటూ వచ్చాడు. చుట్టూ చూసి జేబులోంచి చెయ్యి తీసి గుప్పిట తెరిచాడు. నల్లముక్క.

"తీసేశారా?"

"లేచేటప్పుడే లాగేశా. తీగ సూటిగా పెట్టెలో గుచ్చా. కీబోర్డు చక్కగా పనిచేస్తోంది మేడమ్, సాయంత్రం దాకా చూశా. అది లేకపోయినా బండి నడుస్తోందంటే, అది బండి కోసం పెట్టింది కాదు."

తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నా. చిల్లకల్లు దాటి బస్సు హైవే మీద పోతుంటే బ్యాగు ఒళ్ళో బరువుగా అనిపించింది. ఎవరైనా వెనకనుంచి చూస్తున్నారేమోనని రెండుసార్లు తిరిగి చూశా. కందిచేల మీద ఇంకా వెలుతురుంది. బస్సులో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

నందిగామలో నాతో డిగ్రీ చదివినవాడొకడు కంప్యూటర్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు. సరాసరి అక్కడికే వెళ్ళి ముక్కని అతని ముందు పెట్టా. చూడగానే చేతిలో పనాపేశాడు.

"ఎక్కడిదిది?"

"మా సెంటర్లో, కీబోర్డుకీ సీపీయూకీ మధ్యలో ఉంది. ఏంటిది?"

"కీలాగర్ అంటారు. నువ్వు కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరం దీంట్లోంచే పోవాలి కదా. పోతుంటే ఒక కాపీ రాసి పెట్టుకుంటుంది. కంప్యూటర్‌కి ఇదున్నట్టే తెలియదు. యాంటీవైరస్ పట్టుకోలేదు. నువ్వు చెరిపేసినా దీంట్లో చెరగదు."

లారీ నడిపిన మనిషి అడిగిన ప్రశ్న నాకు చెవిలో మోగింది. తీసుకుని దాచుకునేవి ఉంటాయా మేడమ్?

అతను దాన్ని తన కంప్యూటర్‌కి గుచ్చి, కీబోర్డు తగిలించి, నెట్‌లో వెతికి ఏవో మూడు మీటలు కలిపి నొక్కాడు. ముక్క కాస్తా పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంది. లోపల ఒకే ఒక ఫైలు. తెరిస్తే అక్షరాలు ఆగకుండా ఒకదాని వెంట ఒకటి, ఖాళీల్లేకుండా. ఎవరెవరివో ఈమెయిళ్ళు, పాస్‌వర్డులు. ఒకామె విడాకుల లాయరుకి రాసుకున్న ఉత్తరం. ఒకాయన తన జబ్బు పేరు కొట్టి పదేపదే వెతికిన మాటలు. చివర్లోకి వస్తే నా రాజీనామా ఉత్తరం. ఒక్కో అక్షరం వెనక్కి చెరిపిన చోట్ల చెరిపినట్టు గుర్తులు కూడా ఉన్నాయి. నా సంకోచం మొత్తం లెక్కపెట్టి దాచినట్టుంది.

"ఇంకాస్త వెనక్కి పో" అన్నా. "వానాకాలం దాకా."

వెనక్కి వెళ్ళాడు. ఆ అమ్మాయి లాగిన్ ఐడీ కనిపించింది. దాని కింద పాస్‌వర్డ్. తన ఊరి పేరూ, వాళ్ళమ్మ పేరూ కలిపి పెట్టుకుంది. తర్వాత పన్నెండు నంబర్లు. ఆ తర్వాత వేరేవాళ్ళవి, ఎవరిదో పెన్షను దరఖాస్తు, ఎవరిదో జీమెయిలు. దాని కింద మళ్ళీ అదే ఐడీ. అదే పాస్‌వర్డ్. మళ్ళీ నంబర్లు.

ఆ అమ్మాయి ఆ రోజు ఒక్కసారే లాగిన్ అయింది. నేను పక్కనే ఉన్నా. సీట్లు ప్రకటించేదాకా మళ్ళీ మా మెట్లెక్కలేదు. రెండోసారి ఆ కుర్చీలో కూర్చుని ఆ పాస్‌వర్డ్ కొట్టింది ఇంకెవరో. అనుమానం తన గదిలోని కంప్యూటర్ మీదికి రాకూడదని సార్ అక్కడే కూర్చుని చేసుంటారు. దాచుకునే ముక్క తననీ దాచుకుంటుందని మర్చిపోయారు.

"నువ్వే నొక్కుంటావు" అని నేనన్న మాట, తల్లి దెబ్బ, ఆ అమ్మాయి తన వేళ్ళ వంక చూసుకోవడం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. లేచి షాపు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డా. నా క్లాస్‌మేటు మంచినీళ్ళిచ్చి, ఫైలు కాపీ ఒకటి తీసి, "ముక్క మాత్రం జాగ్రత్త. పోలీసులకివ్వాల్సింది అదే" అన్నాడు.

మర్నాడు సెంటరుకి వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ బాబాయిగారు అక్కడికొస్తాడు, ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేయలేను. ముక్కని ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టి వెళ్ళా.

తలుపు తీసేసరికి సార్ నాలుగో టేబులు కింద ఉన్నారు. తెల్లచొక్కా మోచేతుల దగ్గర దుమ్ము. నన్ను చూసి లేచారు, చేతులు దులుపుకున్నారు.

"ఇక్కడో చిన్న ముక్క ఉండాలమ్మా. చూశావా?"

"ఏ ముక్క సార్?"

"కీబోర్డుది. పాడవకుండా పెట్టా."

"నేను చూడలేదు సార్."

ఆయన నవ్వారు. ఆ నవ్వు ప్రసాదం పెట్టేటప్పటి నవ్వే, ఏమీ తేడా లేదు. "నిన్న బాబాయి ఎంతసేపున్నాడమ్మా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా గదిలోకెళ్ళి సీసీ కెమెరా తెర ముందు కూర్చున్నారు. గాజులోంచి కనిపిస్తోంది. నిన్నటి మధ్యాహ్నం, మేమంతా చిన్నచిన్న బొమ్మల్లా కదులుతున్నాం. ఆయన ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. బాబాయిగారు కిందకి కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం. నేను మౌసు పట్టుకుని ఏదో పని చేస్తున్నట్టు నటించా.

మెట్ల మీద కుంటి నడక వినిపించగానే లేచి ఎదురెళ్ళి, "బాబాయిగారూ, వెనక్కి తిరగండి" అన్నా. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. రెయిలింగు పట్టుకుని దిగాడు, వెనకే నేను. పైనుంచి సార్ పిలుపు వినిపించింది. నా పేరు పెట్టి, నెమ్మదిగానే. మేం ఆగలేదు.

బాబాయిగారికి తెలిసినవాళ్ళ ఆటోలో ఇద్దరం వత్సవాయి దారి పట్టాం. దారిలో మొత్తం చెప్పా. ఆయన అంతా విని, "ముందు పిల్లకి చెప్పాలమ్మా. స్టేషను సంగతి తర్వాత" అన్నాడు.

ఆ అమ్మాయి ఇంట్లో లేదు. ఆ కాలేజీలో చేరలేదట. తల్లితో కలిసి పత్తి తీతకి వెళ్ళింది. చేను గట్టు మీద నిలబడి పిలిస్తే తల్లి ముందొచ్చింది. నన్ను గుర్తుపట్టి మొహం ముడుచుకుంది. కూతురు నడుముకి కట్టుకున్న పత్తి సంచితోనే వచ్చి నిలబడింది. వేళ్ళ చివర్లు పత్తికాయ ముళ్ళకి గీరుకుపోయున్నాయి.

నేను పాఠం చెప్పినట్టే చెప్పా, నాకు వేరే రకంగా రాదు. కీబోర్డు ఇలా ఉంటుంది, తీగ ఇలా పోతుంది, మధ్యలో ఒక ముక్క పెట్టారు, అది నీ పాస్‌వర్డ్ రాసుకుంది, ఆ తర్వాత ఎవరో మళ్ళీ నీ పేరుతో లోపలికెళ్ళి నంబర్లు మార్చారు.

ఆ అమ్మాయి అంతా విని మెల్లిగా అడిగింది. "అంటే నేను నొక్కలేదా మేడమ్?"

"నొక్కలేదమ్మా. నేను తప్పు మాటన్నా. నన్ను క్షమించు."

"నాకే అనుమానమొచ్చింది మేడమ్. రోజూ గుర్తుచేసుకునేదాన్ని, ఏ వేలు ఎక్కడ పడిందా అని. నేనే నొక్కానేమోనని నమ్మేశా."

తల్లి అక్కడే మట్టిలో కూలబడింది. కూతురి చెయ్యి లాక్కుని తన మొహానికి అదుముకుని, పెద్దగా ఏడ్చింది. బాబాయిగారు అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఎటు తిరగాలో తెలియక అలాగే ఉండిపోయా.

ఆ మధ్యాహ్నమే నలుగురం కలిసి స్టేషనుకి వెళ్ళాం. నేను ఫోను చేస్తే నా క్లాస్‌మేటు నందిగామలో మా ఇంటికెళ్ళి బియ్యం డబ్బాలోంచి ముక్క తీసుకుని వచ్చాడు. అక్కడున్న అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటో నాకర్థమయ్యేట్టు కాగితం మీద రాసివ్వమ్మా. కంప్యూటర్ తెలియనివాడికి చెప్పినట్టు రాయి" అన్నాడు. బల్ల మీద కూర్చుని రాశా. మొదట కీబోర్డు అంటే ఏమిటో, సీపీయూ అంటే ఏమిటో, రెండిటి మధ్యా తీగ ఎందుకో. నాలుగు పేజీలయింది. అంత శ్రద్ధగా నేనెప్పుడూ ఏ పాఠమూ చెప్పలేదు.

సార్‌ని పిలిచి అడిగారు. ముందు ఉన్నవాళ్ళెవరో పెట్టుంటారు, నాకేం తెలియదన్నాడు. "పాడవకుండా పెట్టా" అని నాతో అన్న మాట రాసిచ్చా, దానికి సాక్షి నేనొక్కదాన్నే. సెంటరుకి తాళం వేశారు, కంప్యూటర్లు పట్టుకెళ్ళారు. కేసు కోర్టుకి వెళ్ళింది, ఇంకా నడుస్తోంది. ఆయన బెయిలు మీద బయటికొచ్చాడు. ఆ అమ్మాయి మర్నాటి ఏడు మళ్ళీ పరీక్ష రాసి విజయవాడలో సీటు తెచ్చుకుంది, నంబర్లు తన ఫోను మీదే తనే వేసుకుంది. బాబాయిగారు కాటా దగ్గర చేరాడు. నేను నందిగామ స్కూల్లో చేరా.

నేను నాలుగో కంప్యూటర్ మీద కొట్టిన నా పాస్‌వర్డులు కూడా ఆ ఫైల్లో ఉన్నాయి, ముందు వాటిని మార్చేశా. ఆ ఫైల్లో ఉన్న మిగతావాళ్ళలో నాకు తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పా, పాస్‌వర్డులు మార్చుకోమని. కొందరు నమ్మారు. లాయరుకి ఉత్తరం రాసుకున్నామె నా మాట సగంలో ఉండగానే తలుపు వేసేసింది. ఆమె ఉత్తరం నేను చదివానని నా మొహంలో కనబడుంటుంది. నేనూ చదివినదాన్నే కదా. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొన్న ఒక సాయంత్రం నందిగామ బస్టాండులో చెల్లెలి కోసం ఎదురుచూస్తున్నా. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. అదే తెల్లచొక్కా.

"బాగున్నావా అమ్మా?"

నేను రెండడుగులు పక్కకి జరిగా.

"స్కూల్లో సెలవులిస్తున్నారా?" అన్నాడు. అంతే నెమ్మదిగా. కాసేపు బస్సుల వంక చూసి, వెళ్ళబోతూ ఆగాడు. "పాస్‌వర్డులన్నీ మార్చేసుకున్నావు. మంచి పని చేశావమ్మా."

జనంలో కలిసి వెళ్ళిపోయాడు. మార్చానని ఆయనకి ఎలా తెలిసింది? నేను ఎవరికీ చెప్పలేదు. అది తెలియాలంటే ఒకటే దారి. పాతవి కొట్టి చూసుండాలి, తెరుచుకోకపోయి ఉండాలి.

చెల్లెలు దిగాక ఇంటికి వెళ్ళలేదు. ఇద్దరం స్టేషనుకి నడిచాం. ఫిర్యాదులు రాసుకునే రైటరు కాగితం తీసుకుని, ఆయన ఏమన్నాడో ఒక్కో మాటా చెప్పమన్నాడు. చెప్పా. రాసుకుంటూ మధ్యలో తల ఎత్తి, "ఇంతేనా? బెదిరించలేదా?" అని అడిగాడు.

"లేదండి" అన్నా. "మంచి పని చేశావన్నాడు."